అంగరంగ వైభవము – ఆలయ రంగమండపములో కళాసాధన

ఆలయ ఉత్సవాల ఆహ్వాన పత్రికల్లో ‘అంగరంగ వైభవముగా’ అన్న మాట కనిపించనిది అరుదు. కుంభాభిషేకమైనా, కల్యాణోత్సవమైనా, రథోత్సవమైనా అంగరంగ వైభవంగానే జరుగుతుంది. కన్నుల పండువుగా, ఘనంగా అన్న అర్థంలో మనం ఆ మాటను వాడుకొంటున్నాం. అయితే ఈ మాటకు పుట్టినిల్లు మన ఆలయ శాసనాలు. రాజులు, దండనాథులు, వర్తక శ్రేణులు, సామాన్య గృహస్థులు దేవునికి భూమినో, పన్నుల రాబడినో సమర్పించి శిలాశాసనం వేయించినప్పుడు, ఆ దానం స్వామివారి ‘అంగరంగ భోగములకు’ చెందవలెనని చెక్కించేవారు. అంగభోగమంటే స్వామివారి దివ్యమంగళ విగ్రహానికి జరిగే సేవ. అభిషేకం, గంధం, పుష్పం, వస్త్రం, ధూపదీప నైవేద్యాలు ఇందులో చేరుతాయి. రంగభోగమంటే రంగమండపంలో స్వామి ఎదుట జరిగే సేవ. గానం, వాద్యం, నృత్యం ఇందులోనివి.

మన పూర్వులు ఈ రెండింటినీ జంటగా పలికారు. గర్భాలయానికి అంగభోగం ఎటువంటిదో, మండపానికి రంగభోగం అటువంటిది. నేటికీ షోడశోపచార పూజ ముగిసే వేళ అర్చకస్వామి ఛత్రం, చామరం, గీతం, వాద్యం, నృత్యం మొదలైన రాజోపచారాలను ఒక్కొక్కటిగా పేర్కొంటూ అక్షతలు సమర్పిస్తారు. నర్తించేవారు ఎదుట లేనందువల్ల ఆ గుప్పెడు అక్షతలే నృత్యానికి ప్రతినిధులవుతాయి. ఒకప్పుడు ఆ ఉపచారం నిజంగానే జరిగేది. అది నిత్యం జరగాలంటే కళాకారునికి తల దాచుకొనే ఇల్లు, కడుపు నింపే గింజలు, అడుగులు దిద్దుకొనే చోటు ఉండాలి. ఈ మూడింటినీ ఆలయం రుసుము అడగకుండా ఇచ్చింది. అది ఎలా ఇచ్చిందో, ఏ కారణాల వల్ల ఆ ఏర్పాటు పోయిందో, జీర్ణోద్ధరణ పుణ్యకాలంలో దానిలో నిలుపదగినదేమిటో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

శాసనాలు చెప్పే రంగభోగం

కళాకారులకు ఆలయం నివాసం కల్పించిన తీరుకు దక్షిణదేశంలో అత్యంత వివరమైన సాక్ష్యం తంజావూరు బృహదీశ్వరాలయంలో ఉంది. రాజరాజ చోళుడు 1014 ప్రాంతంలో వేయించిన శాసనం, ఆలయ సేవకు వివిధ క్షేత్రాల నుండి రప్పించిన 400 మంది నర్తకీమణుల పేర్లను, వారు ఏ ఆలయం నుండి వచ్చారో ఆ వివరాన్ని, వారికి ఏ వీధిలో ఏ ఇల్లు కేటాయించారో ఆ సంఖ్యను కూడ నమోదు చేసింది. ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఏడాదికి 100 కలముల ధాన్యం వచ్చే ఒక వాటా లభించాయి. నృత్యం నేర్పే నట్టువ గురువులకు రెండు వాటాలు. గురువుకు శిష్యురాలికన్న రెట్టింపు ఇచ్చిన ఆ లెక్కలో, ప్రదర్శన వెనుక శిక్షణ ఉంటుందన్న ఎరుక కనిపిస్తుంది.

తెలుగు నేలపై కాకతీయుల కాలం రంగభోగానికి ఉజ్జ్వల ఘట్టం. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రామప్ప దేవాలయ రంగమండపాన్ని, దాని స్తంభాలపై, దూలాలపై నిలిచిన నర్తకీ శిల్పాలను చూడని కళాభిమాని లేడు. గణపతిదేవుని గజసైన్యాధ్యక్షుడు జాయపసేనాని 1253–54లో ‘నృత్తరత్నావళి’ని రచించాడు. యుద్ధభూమిలో ఏనుగులను నడిపిన సేనాని నృత్యశాస్త్రం వ్రాశాడంటే, ఆ కళ నాటి సమాజంలో ఎంత గౌరవం పొందిందో ఊహించవచ్చు. నిత్యసేవ చేసే కళాకారునికి సేవే సాధన. ప్రతిదినం స్వామి ఎదుట పాడేవానికి, ఆడేవానికి వేరుగా శాల అక్కర లేదు. మండపమే పాఠశాల, మండపమే వేదిక.

సాధనశాలకు ఒక ప్రత్యక్ష సాక్షి

నాట్య సాధన కోసమే ప్రత్యేకించిన శాల ఎలా ఉండేదో చూసి వ్రాసినవాడు పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, అతడు విజయనగరాన్ని దర్శించాడు. రాజప్రాసాదంలో స్త్రీలు నృత్యం నేర్చుకొనే ఒక పొడవాటి మందిరాన్ని అతడు వర్ణించాడు. ఆ మందిరంలోని శిల్ప ఫలకాలపై నృత్యం ముగింపులో నిలువవలసిన భంగిమలు చెక్కి ఉన్నాయట. నేర్చుకొనేవారు మరచిపోతే ఆ శిల్పాన్ని చూచి గుర్తు తెచ్చుకొనేవారట. ఒక పక్కన, చేతులతో పట్టుకొని ఒళ్లు సాగదీసి, కాళ్లను వశపరచుకొనేందుకు ప్రత్యేకమైన చోటు కూడ ఉండేదట. అది రాజమందిరమే కాని దేవమందిరం కాదు. అయినా ఈ వర్ణన చదివిన తర్వాత విజయనగర కాలపు ఆలయ మండపాల స్తంభాలను మరొక దృష్టితో చూడగలుగుతాం. ఆ శిల్పాలలో అలంకారమే కాదు, నేర్చుకొనేవారికి పాఠం కూడ ఉంది.

మన సీమలో దీనికి గొప్ప ఉదాహరణ లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయ నాట్యమండపంలో రంభ నర్తిస్తుంటే బ్రహ్మ మృదంగం వాయిస్తాడు, తుంబురుడు వీణ పలికిస్తాడు, మూడు కాళ్ల భృంగి నాట్యాచార్యుడై నిలుస్తాడు. ఒక నృత్య ప్రదర్శనకు కావలసిన గురువు, నర్తకి, వాద్యగాండ్రు అందరూ ఆ స్తంభాలలో ఉన్నారు. కడప సీమలో ఒంటిమిట్ట కోదండరామాలయ రంగమండపం కూడ విశాలమైనది, శిల్పసంపన్నమైనది. కరవు కాటకాలకు పేరుబడిన రాయలసీమలో ఇంత రాతిని, ఇంత శ్రమను, ఇంత ధనాన్ని రంగమండపాల కోసం వెచ్చించారంటే, ఆ మండపాలు ఖాళీగా ఉండడానికి కట్టినవి కావని వేరే చెప్పనక్కరలేదు.

ఇల్లిచ్చి నిలిపిన ఊళ్లు

ఆలయ ప్రాంగణం దాటి, ఏకంగా ఊరినే కళాకారులకు ఇచ్చిన సందర్భాలు తెలుగువారి చరిత్రలో ఉన్నాయి. కృష్ణాతీరంలోని కూచిపూడి అందరికీ తెలిసినదే. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని ఆ ఊరి బ్రాహ్మణ బాలురకు నేర్పి, ఏటా తప్పక ప్రదర్శించవలెనని మాట తీసుకొన్నాడని సంప్రదాయం. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా ఆ భాగవతుల ప్రదర్శన చూచి ఆనందించి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. 1763 నాటి ఒక పంపకపు పత్రం అక్కడి భాగవతుల కుటుంబాల ఇంటిపేర్లను నమోదు చేసింది. కళకు పోషకుడైన ప్రభువు మతం వేరు, కథలోని దైవం వేరు. అయినా దానం నిలిచింది. ఇల్లు, నేల భద్రంగా ఉన్నందువల్ల తండ్రి నుండి కొడుకుకు విద్య చేరింది. రామలింగేశ్వరుని సన్నిధి ఆ విద్యకు రంగస్థలమైంది.

తమిళదేశంలోని మేలట్టూరు దీనికి తోబుట్టువు. తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలు 510కి ఇల్లు, బావి, సాగుభూమి ఇచ్చి అక్కడ నిలిపాడని ప్రసిద్ధి. అక్కడి భాగవతమేళం నేటికీ నరసింహ జయంతి ఉత్సవాలలో లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో తెలుగు నాటకాలను ప్రదర్శిస్తోంది. ఉద్యోగాల రీత్యా వేర్వేరు ఊళ్లలో ఉన్న ఆ వంశాలవారు వైశాఖమాసానికి ఊరు చేరుకొని, పాత్రలు ధరించి, స్వామికి తమ సేవ సమర్పిస్తారు. అహోబిల నరసింహుని నేల మనది. మన భాషలోని ప్రహ్లాద చరిత్ర కావేరీ తీరంలో ఇన్ని తరాలు నిలవడానికి భక్తి ఎంత కారణమో, నాడు ఇచ్చిన ఇల్లూ నేలా కూడ అంత కారణం.

భద్రమైన చోటు దొరికిన కళాకారుడు సమాజానికి ఏమి తిరిగి ఇస్తాడన్న ప్రశ్నకు మన కడప సీమ కథే సమాధానం. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన స్థానిక చరిత్రలలో మాచుపల్లి కైఫియత్తు ఒకటి. సిద్ధవటం సీమను ఏలుతూ ప్రజలను హింసించి ధనం గుంజుతున్న సమ్మెట గురవరాజు అకృత్యాలను కూచిపూడి భాగవతులు కళ్లారా చూశారు. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట ఆ దురాగతాన్నే వేషం కట్టి ఆడి చూపారు. రాయలు విషయం గ్రహించి సేనను పంపి గురవరాజును శిక్షించాడని కైఫియత్తు చెబుతుంది. రాజుకు నేరుగా చెప్పుకోలేని ప్రజల బాధను ఒక మేళం చెప్పగలిగింది.

మండపం మూగబోయిన కాలం

ఇంతటి వ్యవస్థ ఎలా చెదిరింది? 1800లో కడప, బళ్లారి సీమలు, 1839లో కర్నూలు సీమ కంపెనీ పాలనలోకి వచ్చాయి. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ ఏర్పడి, ఈనాం భూముల హక్కులను పరిశీలించి, పత్రాలు ఇచ్చి, పన్నులు నిర్ణయించింది. సేవకు ప్రతిఫలంగా ఉన్న భూమి క్రమంగా వ్యక్తి ఆస్తిగా మారసాగింది. స్వాతంత్ర్యానంతరం 1956 నాటి ఈనాముల రద్దు చట్టం ఆ మార్పును మరింత ముందుకు నడిపింది.

ఆలయ నృత్యం విషయంలో మరొక సత్యాన్ని దాచకుండా చెప్పుకోవాలి. దేవదాసీ వ్యవస్థలో ఎంత గొప్ప విద్య ఉన్నదో, కాలక్రమంలో స్త్రీలకు అంత అన్యాయమూ జరిగింది. పసిబాలికల ఇష్టాయిష్టాలతో పని లేకుండా వారి జీవితాన్ని నిర్ణయించడం, ధనవంతుల చెప్పుచేతల్లో వారిని ఉంచడం ఏ ధర్మానికీ సమ్మతం కాదు. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1929లో వచ్చిన చట్ట సవరణ, సేవ చేయవలసిన నిర్బంధం లేకుండానే ఈనాం భూములు ఆ స్త్రీలకు దక్కే వీలు కల్పించింది. 1947 నాటి మద్రాసు చట్టం బాలికలను ఆలయాలకు అంకితం చేయడాన్ని నిషేధించింది. ఆ సంస్కరణ అవసరమైనది, న్యాయమైనది. అయితే బంధనం తెగినప్పుడు దానితోపాటు కళకూ ఆలయానికీ ఉన్న సంబంధం కూడ తెగిపోయింది. నృత్యం సభాభవనాలకు, అద్దె వేదికలకు తరలింది. స్త్రీకి స్వేచ్ఛ నిలుపుతూనే కళకు మండపాన్ని తిరిగి తెరవడమనే పని మిగిలిపోయింది.

ఆ పనికి పూనుకొన్నవారు లేకపోలేదు. ఆచార్య నటరాజ రామకృష్ణ వృద్ధ కళావంతుల వద్ద మిగిలిన ఆలయ నృత్య సంప్రదాయాన్ని సేకరించి ‘ఆంధ్రనాట్యం’గా నిలిపారు. జాయపసేనాని గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను ఆధారం చేసుకొని పేరిణిని పునరుద్ధరించి, 1985 శివరాత్రినాడు రామప్ప సన్నిధిలోనే ప్రదర్శింపజేశారు. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం ఏర్పడింది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, గురుకుల పద్ధతిలో శిష్యులను తీర్చిదిద్దారు. సముద్రాలు దాటిన తెలుగువారు కూడ తాము కట్టుకొన్న ఆలయాలకు అనుబంధంగా సభామందిరాలు నిర్మించుకొని, వారాంతాల్లో తమ పిల్లలకు సంగీత నృత్యాలు నేర్పించుకొంటున్నారు. కొత్త దేశంలో ఆలయం కట్టేటప్పుడు కూడ గర్భాలయంతోపాటు రంగమండపం వారికి గుర్తుకు వచ్చింది.

సీమ పల్లెలలో ఒద్దికలు

శాస్త్రీయ నృత్యం మాట అలా ఉంచి, మన ప్రాంతపు పల్లెలను చూస్తే ఆలయం ఏనాడూ కళకు తలుపు పూర్తిగా మూయలేదని తెలుస్తుంది. ద్రోణాచలమని పెద్దలు పిలుచుకొనే మన డోన్ చుట్టుపక్కల పల్లెలలోనూ, సీమ అంతటా, రామాలయం ముందరి అరుగు, భజన మందిరం, రచ్చకట్ట ఇవే ఉచిత సాధనశాలలు. పంట ఇంటికి చేరిన తర్వాత, రాత్రి భోజనాలు ముగించుకొని, కోలాటం, చెక్కభజన, పండరిభజన నేర్చుకొనేవారు అక్కడికే చేరేవారు. ‘సత్యహరిశ్చంద్ర’, ‘కురుక్షేత్రం’, ‘రామాంజనేయ యుద్ధం’ వంటి పద్యనాటకాలకు హార్మోనియం గురువును పిలిపించి, ఊరే అతనికి బస, భోజనం ఏర్పాటు చేసి, నెలల తరబడి ఒద్దికలు జరుపుకొనేది. పగలు కాడి పట్టిన రైతు రాత్రి శ్రీకృష్ణుడై పద్యం ఎత్తుకొనేవాడు. పద్యం తప్పిపోతే గురువు మళ్లీ మొదటినుండి పాడించేవాడు. ఆ గురువుకు ఇచ్చిన బస, ఆ అరుగుపై వెలిగించిన దీపం – ఇవే ఆ ఊరి రంగభోగం.

ఇటువంటి నేల నుండే సురభి పుట్టింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ నాటక సమాజం తోలుబొమ్మలాట ఆడే కుటుంబాల నుండి వచ్చింది. ఊరూరా తిరుగుతూ, నాటకశాల పక్కనే కాపురాలు ఉంటూ, పిల్లలను రంగస్థలం మీదనే పెంచుతూ ఆ కుటుంబాలు శతాబ్దానికి పైగా తెలుగు నాటకాన్ని మోశాయి. వారికి ఇల్లు, సాధనశాల, వేదిక వేరు కాలేదు. 2013లో సురభి కళాకారుడు నాగేశ్వరరావుకు, 2020లో అనంతపురం సీమలోని నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ పురస్కారాలు దక్కినప్పుడు, ఆ గౌరవం వారికి చోటిచ్చి ఆదరించిన ఎన్నో పల్లెలకూ చెందింది.

జీర్ణోద్ధరణలో రంగభోగం

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఆలయ జీర్ణోద్ధరణ అంటే శిథిలమైన గోపురాన్ని నిలబెట్టడం, విమానానికి కొత్త కలశాలు ప్రతిష్ఠించడం, మండపానికి నేల వేయడం. దాతల ఔదార్యంతో ఈ పనులు ఘనంగా జరుగుతున్నాయి. కాని పలు చోట్ల, పునరుద్ధరించిన మండపానికి ఇనుప కటకటాలు బిగించి తాళం వేయడమో, ఉత్సవ వాహనాలను, కుర్చీలను, వంటపాత్రలను అందులో సర్దడమో జరుగుతోంది. అద్దం వలె మెరిసే నున్నని రాతిపలకలు పరచిన నేల కంటికి ఇంపుగా ఉన్నా, తడి తగిలితే నడిచేవారికే జారుతుంది. ఇక గజ్జె కట్టి అడుగు వేసేవారి సంగతి చెప్పనేల? బేతంచెర్ల బండలు దొరికే ప్రాంతం మనది. నున్నగా మెరుగు పెట్టని, కాలు జారని నేల మనకు కొత్త కాదు, ఖరీదూ కాదు.

మరొక వైపు, మన పట్టణాలలో నృత్యం, సంగీతం, నాటకం నేర్చుకొనే పిల్లలకు, నేర్పే గురువులకు అన్నిటికన్న పెద్ద ఇబ్బంది చోటే. ఇరుకు గదిలో పదిమంది పిల్లలు చేతులు చాచి నిలవలేరు. అద్దె పెరిగితే పిల్లలు కట్టే రుసుము పెరుగుతుంది. రుసుము పెరిగితే పేదింటి పిల్ల మానుకొంటుంది. ఆ పిల్ల మానుకొన్న రోజున మండపం తాళం వేసి ఉంటే, అది ఆలయానికీ లోటే.

కాబట్టి కుంభాభిషేక సందర్భంగా భక్తులు, దాతలు, ధర్మకర్తలు ఆలోచించదగిన విషయమొకటి ఉంది. సాయంకాల ఆరాధనకు ఆటంకం కలుగకుండా, రోజుకు రెండు గంటలు మండపాన్ని స్థానిక కళాకారుల సాధనకు ఉచితంగా ఇవ్వవచ్చు. రెండు గంటలే అనిపించినా, ఏడాదికి 730 గంటలు. దానికి కొత్త కట్టడం అక్కర లేదు. ఒక దీపం, మంచినీరు, ఆడపిల్లలకు మరుగు సౌకర్యం, మృదంగం, హార్మోనియం, గజ్జెలు భద్రపరచుకొనే ఒక చిన్న గది ఉంటే చాలు. రెండవది, బ్రహ్మోత్సవాలకు ముందు పది పదిహేను రోజులు ఒక గురువునో, ఒక మేళాన్నో పిలిపించి, సత్రంలో బస, అన్నదానంలో భోజనం ఇచ్చి, ఊరి పిల్లలకు విద్య చెప్పించవచ్చు. నేర్చుకొన్నదానిని ఉత్సవంలో స్వామి ఎదుట సమర్పిస్తే, ఏటా ఒక్కనాడైనా నృత్యోపచారం అక్షతలతో కాక నృత్యంతోనే జరుగుతుంది.

దీనికి కొన్ని కట్టుబాట్లు అవసరమే. సమయపాలన, శుచి, మండపానికి తగిన ఇతివృత్తం, మైకుల హోరు లేకుండడం కళాకారులు పాటించాలి. కులం, ధనం, పలుకుబడి చూడకుండా వరుస క్రమంలో అవకాశమివ్వడం నిర్వాహకులు పాటించాలి. ఇది పాత వ్యవస్థను తిరిగి తేవడం కాదు. పాత వ్యవస్థలో కళాకారిణికి ఇష్టం లేకున్నా సేవ తప్పనిసరి. నేడు వచ్చేవారు తమ ఇష్టంతో వస్తారు, తమ ఇష్టంతో వెళతారు. ఆనాటి బంధనాన్ని వదలి, ఆనాటి ఔదార్యాన్ని మాత్రం స్వీకరించడమే మన తరం చేయవలసినది.

నిత్యాన్నదానానికి, నిత్యదీపారాధనకు శాశ్వత నిధులు సమర్పించే దాతలు మన మధ్య ఎందరో ఉన్నారు. పూర్వం అఖండ దీపానికి గొర్రెల మందను ఇచ్చినవారు, అంగరంగ భోగాలకు పొలం ఇచ్చినవారు కూడ ఇటువంటి గృహస్థులే. వారి పేర్లు నేటికీ రాతిపై ఉన్నాయి. అంగభోగానికి నిధి ఉన్న ఆలయంలో రంగభోగానికి కూడ ఒక చిన్న నిధి చేరితే, ఆ వడ్డీతోనే గురువు బసకు, దీపానికి సరిపోతుంది. ఆ నిధి ఫలం రాతిమీద మాత్రమే కాక, ఒక పిల్ల నేర్చుకొన్న అడుగులో, ఒక రైతుబిడ్డ ఎత్తుకొన్న పద్యంలో నిలుస్తుంది.

కలశాలు ప్రతిష్ఠితమై, సంప్రోక్షణ ముగిసి, యాగశాల విప్పిన తర్వాత కూడ ఆలయం జీవించాలి. సాయంసంధ్య వేళ గర్భాలయంలో దీపం వెలుగుతుండగా, మండపంలో తాళం వినిపిస్తుండగా స్వామిని సేవించుకొనే భాగ్యం మన పిల్లలకు కలగాలని, అందుకు తోడ్పడే సంకల్పాన్ని దాతల హృదయాలలో స్వామివారే నిలపాలని ప్రార్థిద్దాం. అప్పుడు మన ఆహ్వాన పత్రికల్లోని ‘అంగరంగ వైభవము’ అక్షరాలా సత్యమవుతుంది.